కారు టాప్ మీద నిచ్చెన, కింద ఆరుగురం | ఫ్రిస్కో నుంచి ఆస్టిన్‌కి

హాయ్ అండీ, బాగున్నారా! మేం ఉండేది అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. రేపు ఇదే రాష్ట్రంలోని ఆస్టిన్‌లో మా చెల్లి వాళ్ల గృహప్రవేశం. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, బండిలో ఆరుగురం. మూడో వరస సీటు వేస్తే ఇక డిక్కీ లేనట్టే. అందుకే సామాను టాప్ మీదకి ఎక్కిస్తున్నాం.

అమ్మ అయితే ఇత్తడి బిందె, గ్రైండర్, బియ్యం బస్తా అన్నీ పైకే పంపింది. అన్నీ మళ్లీ కిందికి దించాను. మా బండి మాన్యువల్‌లో టాప్ మీద 165 పౌండ్లు, అంటే సుమారు 75 కిలోలు దాటొద్దని ఉంది. అదంతా సామానుకే అనుకోకండి. టాప్ మీద బిగించిన అడ్డ రాడ్లు, వాటి మీద సామాను పెట్టే బాక్స్ కలిపి మావి 60 పౌండ్లు. నిచ్చెన ఇంకో 20. మిగిలింది 85. పైగా బరువంతా నెత్తిన పెడితే మలుపుల్లో బండి ఒరుగుతుంది. కాబట్టి గ్రైండర్ కాళ్ల దగ్గరికి, దుప్పట్లూ బట్టలూ పైకి. అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.

నిచ్చెన ఎందుకంటారా? తోరణాలు కట్టడానికి. చెల్లి వాళ్లకి ఇంకా నిచ్చెన కొనే తీరిక దొరకలేదట.

మేం వచ్చిన కొత్తలో ఒక పరుపుని సన్న తాడుతో కట్టి, కిటికీలోంచి చేత్తో పట్టుకుని హైవే ఎక్కాం. గాలి పరుపు కింద దూరి ముందు అంచుని తెరచాపలా లేపేసింది. చేత్తో ఏం ఆగుతుందండీ! వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలు అవుతుంది. పక్కకి ఆపి, వణుకుతూ దింపుకున్నాం.

ఇప్పుడు కట్టేది నాన్న. గడ్డి బండికి మోకు బిగించిన చెయ్యి కదా! నేను పట్టీలు రెండు రాడ్లకీ అడ్డంగా వేసి అయిపోయిందన్నాను. నాన్న నిచ్చెన పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపారు, జారింది. "అడ్డంగా కడితే పక్కకి పోదురా, బ్రేకేస్తే ముందుకి పోదూ?" అని ముందు నుంచి బానెట్ కిందికి ఇంకో తాడు లాగారు. పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి బుర్రుమని మోగదు, అది నా వంతు తెలివి.

డాలస్ దాటకుండానే బంకులో ఆపి మళ్లీ బిగించాం. ఒక పట్టీ నిజంగానే వదులైంది. పెట్రోలూ ఎక్కువే తాగుతుంది లెండి. హైవే వేగాల్లో పెద్ద బాక్స్ వల్ల మైలేజీ 10 నుంచి 25 శాతం దాకా పడిపోవచ్చని ఇక్కడి ఇంధన శాఖ చెబుతుంది.

పైన బాక్స్ ఉందని మర్చిపోయి ఎత్తు తక్కువ పార్కింగ్ గరాజ్‌లోకి దూరతానేమోనని, స్టీరింగ్ పక్కన బండి మొత్తం ఎత్తు "7 అడుగుల 3 అంగుళాలు" అని చీటీ అంటించాను. వేకో దగ్గర అమ్మ అది చూసి పొద్దుట్నుంచీ మొదటిసారి నోరు విప్పింది: "ఎవర్రా అంత పొడుగు? సంబంధమా?"