కడప ఎండకు కాలని నాన్న ఊటీ చలిలో కమిలిపోయారు

అందరికీ నమస్కారం. బెంగళూరులో మా డాబా మీద నుంచి మాట్లాడుతున్నాను. టైం మధ్యాహ్నం పన్నెండున్నర.

మా నాన్నది కడప జిల్లా. మే నెలలో 43 డిగ్రీల ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని చేలో నిలబడే మనిషి. మొన్న ఏప్రిల్‌లో ఇక్కడికి వస్తే ఊటీ తీసుకెళ్లాం. దొడ్డబెట్ట మీద, 2,637 మీటర్ల ఎత్తులో, స్వెట్టర్ వేసుకుని రెండు గంటలు కూర్చున్నారు. తువ్వాలు చుట్టుకో నాన్నా అంటే, "ఇదేం ఎండమ్మా, వెన్నెల మాదిరి ఉంది" అన్నారు. రాత్రికి ముక్కు, చెవులు ఎర్రగా కమిలిపోయాయి. మూడో రోజుకి పొట్టు లేచింది. గట్టిగా చెప్పలేకపోయానే అని ఇప్పటికీ బాధే. అందుకే ఈ వీడియో.

వేడి వేరు, అతినీలలోహిత (యూవీ) కిరణాలు వేరు. వాతావరణం యాప్‌లో యూవీ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది చూడండి. చర్మాన్ని కమిలించే కిరణాల బలం అది. ఒక్కో యూనిట్ అంటే చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు. నడిమధ్యాహ్నం మన మీద పడే మొత్తం ఎండ దాదాపు 1,000 వాట్లు. ఇండెక్స్ 12 ఉన్నా, కమిలించే భాగం అందులో 0.3 వాట్ మాత్రమే! అంత చిన్న భాగాన్ని ఒంటికి తెలిసే వేడి ఎలా పట్టిస్తుంది? చల్లగాలి వీస్తే అసలే తెలియదు. పైగా ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఈ కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి.

ఇప్పుడు చాలా దూరం వెళ్దాం. బొలీవియా, చిలీ సరిహద్దులో లికాంకబూర్ అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 5,917 మీటర్లు. 2003 డిసెంబర్ 29న అక్కడ శాస్త్రవేత్త నతాలీ కబ్రోల్ బృందం పెట్టిన పరికరం 43.3 ఇండెక్స్ చూపించింది. 11 వస్తేనే "అత్యంత తీవ్రం" అంటారు, ఆపైన ఇంకో మెట్టే లేదు. 2014లో ఆ ఫలితం ప్రచురించారు.

అంత ఎందుకు ఉంటుంది? ఈ కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొర ఉష్ణమండలం మీద సహజంగానే పలచన. డిసెంబర్‌లో సూర్యుడు అక్కడ నడినెత్తికి వస్తాడు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉంటుంది. వీటికి ఆ ఎత్తు తోడు. అన్నీ ఒకే వారంలో కలుస్తాయి.

అయినా 43ని వేరే శాస్త్రవేత్తలు ప్రశ్నించారు. నన్ను ఈ విషయంలోకి లాగింది నిజానికి ఇదే. ఓజోన్ వడపోత వల్ల కిరణాల తరంగదైర్ఘ్యం (అలల పొడవు) 300 నుంచి 310 నానోమీటర్లకు వెళ్లేలోపే వెలుగు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. పరికరంలోని ఫిల్టర్ ఒకటి రెండు నానోమీటర్లు అటూ ఇటూ అయినా అంకె తారుమారు. మామూలు వెలుగు కాస్త లోపలికి కారినా తప్పే, ఎందుకంటే అది వేల రెట్లు ఎక్కువ. చలికి సెన్సార్ స్పందన మారుతుంది కాబట్టి మంచి పరికరాలను లోపల ఒకే ఉష్ణోగ్రతలో ఉంచుతారు. గాజు గుమ్మటం మీద మంచు, దుమ్ము తుడవాలి. పరికరం ఏ వైపూ ఒరగకుండా మట్టంగా ఉండాలి. గాలి సరిగా అందని ఎత్తులో ఇదంతా చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం. 43 సంగతి ఎలా ఉన్నా, ఆ చుట్టుపక్కల ఎత్తైన పీఠభూముల మీద 20 దాకా రావడం వేరే కొలతల్లోనూ కనిపించింది. అదేమీ తక్కువ కాదు.

మన దగ్గర కొడైకెనాల్‌లో 1950ల నుంచి చాలా ఏళ్లు డాబ్సన్ పరికరంతో ఓజోన్ కొలిచారు. ఓజోన్ బాగా పీల్చుకునే ఒక కిరణాన్ని, అంతగా పీల్చుకోని ఇంకో కిరణాన్ని పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఆ తేడాయే పైన ఎంత ఓజోన్ ఉందో చెబుతుంది. మీ ఫోన్‌లోని అంకె మాత్రం మీరు నిలబడ్డ చోట కొలిచింది కాదు. ఓజోన్, సూర్యుడి ఎత్తు, మబ్బులు చూసి లెక్క కట్టింది. కొండ మీద దాన్నే పూర్తిగా నమ్ముకోకండి, మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఆ ఎండ గట్టిదే, చలి వేస్తున్నా సరే.

ఆగస్టు ఆఖర్లో నాన్న మళ్లీ వస్తున్నారు, ఈసారి కొడైకెనాల్. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, పలచటి మబ్బు ఉన్నా కిరణాలు చాలావరకు దిగిపోతాయి. తువ్వాలు నేనే బ్యాగులో పెడుతున్నాను. ఈసారి చుట్టేది కూడా నేనే.