ఆపరేషన్ 1027: సెన్‌వీ చీలిక దగ్గర తేలిన యుద్ధం

అందరికీ నమస్కారం. ఆపరేషన్ 1027 అనే పేరు దగ్గరే మొదలుపెడదాం. 1027 అంటే పదో నెల, ఇరవై ఏడో తేదీ. 2023 అక్టోబర్ 27 తెల్లవారుజామున మయన్మార్‌లోని ఉత్తర షాన్ రాష్ట్రంలో మూడు తిరుగుబాటు దళాలు కలిసి దేశాన్ని ఏలుతున్న సైన్యం స్థావరాల మీద విరుచుకుపడ్డాయి. ఒకటి చైనా సరిహద్దులోని కోకాంగ్ ప్రాంతం వాళ్ల ఎంఎన్‌డీఏఏ, రెండోది తాఆంగ్ తెగవాళ్ల టీఎన్ఎల్ఏ, మూడోది పశ్చిమాన ఉన్న రఖైన్ రాష్ట్రం వాళ్ల అరకాన్ ఆర్మీ.

ఎవరి దగ్గర ఎన్ని తుపాకులున్నాయన్నది తర్వాత. ముందు రోడ్డు మ్యాపు చూడండి. మాండలే నుంచి లాషియోకి వచ్చే రహదారి, లాషియో దాటాక సెన్‌వీ దగ్గర రెండుగా చీలుతుంది. ఒక పాయ కుట్కాయ్ మీదుగా చైనా సరిహద్దులోని ముసేకి పోతుంది. రెండోది కున్‌లోంగ్ దగ్గర సాల్వీన్ నది దాటి సరిహద్దు పట్టణం చిన్‌ష్వేహా, కోకాంగ్ ముఖ్య పట్టణం లౌక్కైల వైపు పోతుంది. చిన్‌ష్వేహా తొలిరోజే సైన్యం చేజారింది. సెన్‌వీ చుట్టూ పోరు రాజుకుంది. నవంబర్ 12న కున్‌లోంగ్ కూడా పోవడంతో లౌక్కైలోని సైన్యానికి రోడ్డు మూసుకుపోయినట్టే. 2024 జనవరి మొదటి వారంలో అక్కడ 2,300 మందికి పైగా సైనికులు లొంగిపోయారు. వాళ్లలో బ్రిగేడియర్ జనరళ్లే ఆరుగురు.

2015లో కూడా ఎంఎన్‌డీఏఏ ఈ కోకాంగ్ కోసం పోరాడి ఓడింది. అప్పట్లో పోరు ప్రధానంగా లౌక్కై చుట్టూనే సాగింది కాబట్టి సైన్యం ఫిరంగుల్ని, అదనపు పటాలాల్ని అక్కడికే తరలించగలిగింది. ఈసారి అదనపు బలగం ఎటు కదలాలో తేల్చుకునే లోపే ఇంకో మూల మంట లేచింది. నవంబర్ 6న వాయవ్యాన సగాయింగ్ ప్రాంతంలో కావ్లిన్ పట్టణం తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. 11న కయా రాష్ట్రంలోని కరెన్నీ తిరుగుబాటు దళాలు ఆ రాష్ట్ర రాజధాని లోయికావ్ మీదికి వెళ్లాయి. 13న అరకాన్ ఆర్మీ రఖైన్‌లో కాల్పుల విరమణను తెంచేసింది. పైగా కాగితం మీద 500 మందికి పైగా ఉండాల్సిన బెటాలియన్లలో చాలావాటికి నికరంగా 200 మంది కూడా లేరు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తేవాల్సి వచ్చిందంటే పరిస్థితి మీకే తెలుస్తుంది.

కొండ మీది ఔట్‌పోస్టును కాస్త దగ్గరగా చూద్దాం. చుట్టూ కందకం, ఇసుక బస్తాలు, మందుపాతరలు. ఇదంతా కింది నుంచి ఎక్కి వచ్చేవాణ్ని ఆపడానికి కట్టింది. పైకప్పు లేని కందకంలోకి నిట్టనిలువునా బాంబు పడుతుందని ఎవరూ లెక్కేయలేదు. మన మిర్చి తోటల్లో మందు కొట్టే డ్రోన్ల లాంటివే అక్కడ బాంబులు మోశాయి. నీళ్లు, బియ్యం, తూటాలు కింది నుంచి రావాలి. దారి తెగితే హెలికాప్టరే దిక్కు. అది కూడా నేల మీది కాల్పులకు భయపడి దగ్గరికి రాకపోతే ఆ పోస్టు ఎన్ని రోజులు నిలబడుతుందో సంచుల్లో మిగిలిన బియ్యమే చెబుతుంది.

పట్టుకున్న ఊరిని నిలుపుకోవడం వేరే విద్య. కావ్లిన్‌ను సైన్యం 2024 ఫిబ్రవరిలో తిరిగి తీసుకుంది. లాషియోలోని ఈశాన్య కమాండ్ కేంద్రం 2024 ఆగస్టులో తిరుగుబాటుదారుల వశమైంది. దేశంలోని 14 ప్రాంతీయ కమాండ్లలో అలా పడిన మొదటిది అదే. నా దృష్టిలో ఈ దాడి దారి తప్పింది కూడా అక్కడే. తిరుగుబాటుదారుల మీద ఒత్తిడి పెంచుతూ చైనా సరిహద్దు గేట్లు మూసేసింది, కరెంటు ఆపింది. ఎంఎన్‌డీఏఏ 2025 జనవరిలో కాల్పుల విరమణకు ఒప్పుకుంది, ఏప్రిల్‌లో లాషియోను సైన్యానికి తిరిగి అప్పగించింది.

ఇక అరకాన్ ఆర్మీ అప్పటికి తన రఖైన్ పోరులో మునిగిపోయింది. ఉత్తర షాన్‌లో టీఎన్ఎల్ఏ ఒంటరిదైపోయింది. 2023లో అటూ ఇటూ పంచుకోవాల్సి వచ్చిన బలగాన్ని సైన్యం 2025లో ఒకే రోడ్డు మీద పెట్టగలిగింది. ఆ ఏడాది జులైలో నౌంగ్‌చో, అక్టోబర్‌లో చౌక్మే, ఆ వెంటనే సీపా పట్టణాల్ని తిరిగి తీసుకుంది: మాండలే–లాషియో రోడ్డు మీద, మాండలే వైపు నుంచి వరసగా.