కాదన్నది ఎవరు? అప్పుడు బెస్సీ ఏం చేసింది?

శ్రోతలందరికీ నమస్కారం.

ఫిబ్రవరి వస్తోందంటే ఇక్కడ అమెరికాలో, ఎలిమెంటరీ స్కూలు పిల్లలున్న మన తెలుగు ఇళ్లలో ఒక హడావుడి మొదలవుతుంది. బ్లాక్ హిస్టరీ మంత్, అంటే నల్లజాతి అమెరికన్ల చరిత్రను తలుచుకునే నెల. క్లాసులో ఒక్కో పిల్లకు ఒక్కో ప్రముఖుల పేరు పంచుతారు. పోస్టర్ బోర్డు కొనాలి, ఫొటో ప్రింటు తీయాలి. ఆదివారం రాత్రి పిల్ల నిద్రకు తూగుతుంటే నాన్న జిగురు డబ్బా పట్టుకుని కూర్చుంటాడు. ఇంతా చేస్తే బోర్డు మీద ఏముంటుంది? పుట్టిన తేదీ, పోయిన తేదీ, 'ఫలానా పని చేసిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ' అన్న ఒక్క ముక్క. సోమవారం అప్పజెప్పేస్తుంది, మంగళవారానికి పేరు కూడా గుర్తుండదు.

ఈ 'మొదటి' అన్న మాటతోనే నాకు పేచీ. ఎనిమిదేళ్ల పిల్లకు మొదటి అంటే పరుగుపందెంలో మొదటి. మరి అంతకుముందు ఎవరూ ఎందుకు చేయలేదు? చేతకాక కాదు, చేయనివ్వక. ఆ సంగతి చెప్పకపోతే సగం కథ మింగేసినట్టే. అందుకని పిల్లల దగ్గర నేను రెండే ప్రశ్నలు పెట్టుకుంటాను. ఆమెను కాదన్నది ఎవరు? అప్పుడు ఆమె ఏం చేసింది?

విమానం నడిపిన నల్లజాతి మహిళ బెస్సీ కోల్మన్ కథ చెబుతాను, నాకు చాలా ఇష్టమైన మనిషి. డాలస్ వాళ్లు ఆస్టిన్ వెళ్తూ చూడకుండా దాటిపోయే వాక్సహాచీ ఉంది కదా, ఆమె పెరిగింది అక్కడే. పుట్టింది 1892లో, అట్లాంటాలో. జార్జియా అట్లాంటా కాదండీ, టెక్సస్‌లోనే ఆ పేరుతో ఒక చిన్న ఊరుంది. పదమూడు మంది పిల్లల్లో పదోది. ఇంట్లో వాళ్లది పంటలో వాటా మీద సేద్యం. ఒకే గది ఉన్న బడికి నాలుగు మైళ్లు నడిచి వెళ్లేది. పత్తి చేతికొచ్చిందంటే బడి మాని చేలోకి దిగాల్సిందే. గుంటూరు, వరంగల్ వైపు పత్తి తీతకు వెళ్లినవాళ్లకు ఆ డొప్పలు వేళ్లను ఎలా గీరేస్తాయో నేను చెప్పక్కర్లేదు. లెక్కల్లో చురుకు కాబట్టి ఇంటి జమాఖర్చులు బెస్సీయే చూసేది.

ఓక్లహామాలో కాలేజీలో చేరింది. ఒక టర్ముకే డబ్బులు అయిపోయి తిరిగొచ్చింది. ఇరవై మూడేళ్లప్పుడు షికాగో చేరి, ఒక బార్బర్ షాపులో మగవాళ్ల గోళ్లు తీర్చిదిద్దే పనిలో కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చిన అన్న జాన్ అక్కడికొచ్చి ఆటపట్టించాడు. ఫ్రాన్సులో ఆడవాళ్లు విమానాలు నడుపుతారు, నీ వల్ల ఏమవుతుందిలే అని. అంతే, పౌరుషం పొడుచుకొచ్చింది.

ఇక్కడ కథ ఆపి అడగాలి. కాదన్నది ఎవరు? అమెరికాలోని ఫ్లయింగ్ స్కూళ్లు. ఆడమనిషి కావడం ఒక కారణం, నల్లజాతి మనిషి కావడం ఇంకో కారణం. అప్పుడు ఆమె ఏం చేసింది? 'షికాగో డిఫెండర్' అనే నల్లజాతి వాళ్ల పత్రిక నడిపే రాబర్ట్ అబాట్ అయితే ఫ్రాన్సుకే వెళ్లమన్నాడు. పోస్టర్ల మీద రాని పని మొదలైంది అక్కడే. ఫ్రెంచి క్లాసుల్లో చేరింది, పైసా పైసా కూడబెట్టింది. 1920 నవంబరులో ఓడెక్కింది.

ఆమె నేర్చుకున్న విమానానికి మనం అనుకునే స్టీరింగు లేదు. ముందు బేస్‌బాల్ బ్యాటంత లావు కర్ర ఒకటి, కాళ్ల కింద ఒక అడ్డబద్ద. ఇది చెప్పగానే పిల్లలు స్కేళ్లు, పెన్సిళ్లు పట్టుకుని విమానాలు నడిపేస్తారు. నడపనివ్వండి. తోటి విద్యార్థి ఒకరు విమానం కూలి చనిపోవడం ఆమె కళ్లారా చూసింది. అయినా మానలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ పైలట్ లైసెన్సు చేతికొచ్చింది. అలాంటి లైసెన్సు పేరున్న పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్‌కు రావడానికి ఇంకా రెండేళ్లుంది. అమీలియా పేరు మనం చిన్నప్పుడే విన్నాం. బెస్సీ పేరు మనలో ఎంతమంది విన్నాం?

తిరిగొచ్చాక ఆకాశంలో విన్యాసాలు చేస్తూ పేరు తెచ్చుకుంది. సినిమాలో వేషమిస్తామంటే ఒప్పుకుంది కానీ, మొదటి సీనులోనే చిరుగుల బట్టలు కట్టుకోమన్నారని లేచి వచ్చేసింది. 1925లో టెక్సస్ వచ్చింది. వాక్సహాచీలో ప్రదర్శన. తెల్లవాళ్లకు ఒక గేటు, నల్లవాళ్లకు ఒక గేటు అన్నారు నిర్వాహకులు. ఒకే గేటు పెట్టకపోతే విమానం ఎక్కను అంది. దిగొచ్చారు. అందరూ ఒకే గేటులోంచి లోపలికి వచ్చారు. లోపల మాత్రం ఎప్పట్లాగే వేరువేరుగా కూర్చోబెట్టారు.

ఈ చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు, కథ అందంగా ముగుస్తుందని. నేను వదలను. ఎందుకంటే ఇది విన్నప్పుడే పిల్లలు నిజంగా మాట్లాడతారు. ఒక పిల్లాడు చెయ్యెత్తి, "మరి లోపల వేరుగా కూర్చోబెడితే ఆమె ఎందుకు ఊరుకుంది?" అని అడిగాడు. పక్కనున్న అమ్మాయి, "గేటన్నా గెలిచింది కదా" అంది. ఇద్దరూ వాదనకు దిగారు. నేను మధ్యలోకి వెళ్లలేదు.

'చిన్నపిల్లలకు ఈ బాధలన్నీ ఎందుకండీ' అంటారు కొందరు తల్లిదండ్రులు. కేకులో పెద్ద ముక్క తనకు రాకపోతే అన్యాయమని ఇల్లెగరగొట్టే వయసు అది. అన్యాయం వాళ్లకు మనకంటే బాగా తెలుసు. చావు సంగతీ అంతే, దాచకండి. 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో, మర్నాటి ప్రదర్శన కోసం కిందికి వంగి స్థలం చూసుకోవాలని బెల్టు పెట్టుకోలేదు. నడుపుతున్నది ఆమె మెకానిక్. యంత్రంలో పానా ఒకటి ఇరుక్కుని విమానం తలకిందులైంది. ఆమె జారి పడిపోయింది. ముప్పై నాలుగేళ్లు. పెడదామనుకున్న ఫ్లయింగ్ స్కూలు పెట్టకుండానే పోయింది. 1992లో నల్లజాతి వ్యోమగామి మే జెమిసన్ అంతరిక్షానికి వెళ్తూ బెస్సీ ఫొటో వెంట తీసుకెళ్లింది.

మీ పిల్లకు వేరే పేరు వచ్చిందా? అవే రెండు ప్రశ్నలు. క్యాథరిన్ జాన్సన్ అనుకోండి. ఎనిమిదో తరగతి దాటాక వాళ్ల కౌంటీలో నల్లపిల్లలకు చదువు లేదు. దాంతో బడి కోసం తల్లిదండ్రులు పిల్లలను వేరే ఊరికి తీసుకెళ్లారు. ఆ పిల్లే పెద్దయ్యాక నాసాలో వ్యోమగామి జాన్ గ్లెన్ అంతరిక్ష ప్రయాణానికి లెక్కలు సరిచూసింది. మేరీ మెక్లియోడ్ బెతూన్ అయితే 1904లో ఒకటిన్నర డాలర్లతో ఐదుగురు ఆడపిల్లలకు బడి పెట్టింది. పెన్సిళ్లు లేవంటే కాలిన కట్టెలతో రాయించింది. బోర్డు మీద తేదీలు చిన్న అక్షరాల్లో మూలకు రాయండి. మధ్యలో ఈ రెండు ప్రశ్నలు, పిల్ల తన మాటల్లో రాసుకున్న జవాబులు ఉండనివ్వండి. స్పెల్లింగు తప్పులు మీరు దిద్దకండి, టీచరు చూసుకుంటుంది.

ఇంకొక్క మాట, టైమైపోతోంది. బెస్సీ మీద పిల్లల బొమ్మల పుస్తకాలు లైబ్రరీల్లో బాగానే దొరుకుతాయి. కానీ ఫిబ్రవరి వచ్చేసరికి అరలు ఖాళీ అయిపోతాయి. జనవరిలోనే హోల్డ్ పెట్టుకోండి, అంటే మీ పేరు మీద ముందే ఆపి ఉంచమనండి. సెలవు. నమస్కారం.