వీరాపురం చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు: వీటి ఊరు సైబీరియా కాదు

ముందు ఈ శబ్దం వినండి. టకటకటక... చెక్కభజన చేస్తున్నట్టు లేదూ? ఎర్రకాళ్ల కొంగలు ముక్కులు ఆడిస్తున్న చప్పుడు అది. ఈ కొంగ గొంతు పెద్దగా పలకదు. గూటి దగ్గర జతను పలకరించాలన్నా ముక్కుతోనే. పైన ఆగకుండా అరుస్తున్నవి ఆకలి మీదున్న పిల్లలు.

నమస్తే అండీ. పక్షులను చూడాలంటే మనమంతా కోస్తాకే బయలుదేరతాం. పులికాట్, నేలపట్టు, కోరింగ... నేనూ అనంతపురం నుంచి ఏటా అటే వెళ్లేవాణ్ణి. ఈసారి ఉగాదికి ముందు మన సీమలోనే ఉన్న వీరాపురం వచ్చాను. చిలమత్తూరు మండలం. 2022 వరకు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. లేపాక్షి బసవన్నను చూడటానికి వచ్చేవాళ్లకు ఇది దగ్గరే.

ఇదిగో, కొంచెం జూమ్ చేస్తాను. పసుపుపచ్చ ముక్కు, దాని కొస కాస్త కిందికి వంగి ఉంటుంది. తలపై ఈకలు లేని నారింజ రంగు చర్మం. రొమ్ము మీద నల్లటి పట్టీ. తోక దగ్గర ఆ గులాబీ ఈకలు చూశారా, ఎవరో కుంచెతో అద్దినట్టున్నాయి. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అనేది అందుకే. మరి ఎర్రకాళ్లంటే ఇవి తెల్లగా ఉన్నాయేంటి అంటారా? ఎండకు తాళలేక కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి. ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది.

చెట్ల కింద నీచు వాసన, ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా. చింతకాయ మీద ఆశ వదులుకోవాల్సిందే. అయినా ఊరివాళ్లు ఒక్క కొమ్మ కొట్టరు. వాకిట్లో కూర్చున్న ఒక అవ్వను "ఇవి యాడ నుంచి వస్తాయవ్వా?" అని అడిగాను. "యాడ నుంచి వస్తే ఏం నాయనా? ఆడబిడ్డ కాన్పుకు పుట్టింటికి వచ్చినట్టు వస్తాయి. పిల్లలకు రెక్కలొచ్చినాక పోతాయి" అంది.

ఆ మాట నాకు చాలా నచ్చింది. ఎందుకంటే మనలో చాలామంది వీటిని సైబీరియా పక్షులని చెప్పేస్తుంటాం. అది తప్పండీ. ఈ కొంగలు మన దేశంలో, శ్రీలంకలో, ఆగ్నేయాసియాలో ఉండేవే. మేత, నీళ్లు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి, అంతే. సైబీరియా చుట్టం అనుకుంటే, ఇక్కడ చెరువు ఎండినా దాని ఊరికి అది పోతుందిలే అనిపిస్తుంది. దానికి వేరే ఊరు లేదు.

అసలు కరువు సీమలో, అదీ ఎండలు ముదిరేటప్పుడు పిల్లలతో ఎందుకు ఉంటాయి? జవాబు చెరువులోనే ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ మోకాలి లోతు మడుగుల్లోకి చేరతాయి. ఈ కొంగ చూసి వేటాడదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది, కాలితో బురద కదిలిస్తుంది. చేప తగిలిందా, టక్కున మూసేస్తుంది. అందుకే బురద నీళ్లయినా దానికి ఇబ్బంది లేదు. చేపలు చిక్కగా ఉంటే చాలు. కానీ ముందటి వానాకాలం చెరువు నిండకపోతే ఆ మడుగూ మిగలదు. పిల్ల ఎగరడానికి రెండు నెలలు పడుతుంది, అన్నాళ్లూ మేత కావాలి.

మీరు వస్తే చెట్ల కిందికి గుంపుగా వెళ్లకండి, డ్రోన్ అసలు ఎగరేయకండి. బెదిరి పెద్దవి లేచిపోతే గుడ్లు కాకులపాలే.

ఇది మధ్యాహ్నం తీసిన షాట్. పిల్లల మీద ఎండ పడకుండా కొంగ రెక్కలు గొడుగులా చాపి నిలబడింది. ముక్కు తెరిచి రొప్పుతోంది, అయినా జరగలేదు. జత కొంగ చెరువు నుంచి వచ్చి గూట్లో చేపలు కక్కేసరికి నాలుగైంది. అప్పుడు గానీ ఇది రెక్కలు ముడవలేదు.