గుండెపోటొస్తే నేరుగా తిరుపతికేనా? దారిలో ఉన్న ఆసుపత్రి సంగతేంటి?

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఈరోజు కాస్త చిరాగ్గానే మాట్లాడతా, ఏమనుకోవద్దు. గుండెపోటు మీద ఏ వీడియో పెట్టినా కింద అదే మాట: "ఛాతీలో నొప్పంటే టైమ్ వేస్ట్ చేయకుండా కారెక్కించి తిరుపతికో వేలూరుకో పోవాల." టైమ్ వేస్టయ్యేది అక్కడే కదా సామీ!

పలమనేరు నుంచి తిరుపతి వంద కిలోమీటర్ల పైమాటే. పోతూ పోతూ ఊళ్ళో ఏరియా ఆసుపత్రి గేటు ముందు నుంచే పోతారు. అలాంటి ఆసుపత్రుల్లోనే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చేలా 2023లో మన రాష్ట్రంలో స్టెమీ కార్యక్రమం పెట్టారు. స్టెమీ అంటే గుండె రక్తనాళం గడ్డతో పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు. బయట వేలల్లో ఖర్చయ్యే మందు అది.

మొగిలి ఘాట్ తెలుసు కదా. అక్కడ ఒక లారీ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయిందనుకోండి. గుండె రక్తనాళంలో గడ్డ కట్టడమంటే అదే. అవతల ఊళ్ళకు పాలు రావు, కూరగాయలు రావు, ఆ అవతల ఊరే మీ గుండె కండరం, లారీ ఎంతసేపు కదలకపోతే అంత కండరం చచ్చిపోతుంది, చచ్చింది మళ్ళీ రాదు. పెద్ద క్రేన్, అంటే సన్న గొట్టం పంపి మూసుకున్న నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ, తిరుపతిలో ఉంది, కాదనను. రెండు గంటల్లోపు అందేటట్టుంటే అదే మేలు, తిరుపతి లాంటి టౌన్లో ఉన్నోళ్ళు నేరుగా క్యాథ్‌ల్యాబ్, అంటే యాంజియోప్లాస్టీ చేసే గది, ఉన్నచోటికే పోండి. కానీ పలమనేరులో ఉన్నోడికి బండి దొరకాలి, ఘాట్ దిగాలి, అక్కడ క్యాథ్‌ల్యాబ్ సిద్ధం కావాలి. క్రేన్ వచ్చేలోపు ఊరోళ్ళే తలా ఓ చెయ్యేసి లారీని పక్కకు తోసి, ఒక వరస బండ్లు పోయేలా చేస్తారు చూడండి, ఇంజెక్షన్ పని అదే.

ఆసుపత్రి లోపల ఏం జరుగుతుందంటే, మీరు పోయిన పది నిమిషాల్లోపే ఈసీజీ తీయాలి. ఆ కాగితం మీద చిన్న గళ్ళుంటాయి, ఒక్కో గడి ఒక మిల్లీమీటరు. సమంగా పోవాల్సిన చోట గీత పైకి లేచి కనిపిస్తే, అదీ పక్కపక్క లీడ్లలో (ఒక్కో లీడ్ అంటే గుండెను ఒక్కో వైపు నుంచి చూసే గీత), అనుమానం స్టెమీ మీదే. ఆ కాగితం ఆన్‌లైన్‌లో పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకు పోతుంది. ఆయన సరే అంటే ఇక్కడి డాక్టరే మీ బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాముల మధ్య డోసు లెక్కగట్టి, ఐదు పది సెకన్లలో నరానికి ఇచ్చేస్తారు. గడ్డ కరిగించే పాత మందు స్ట్రెప్టోకైనేజ్ అయితే గంటసేపు డ్రిప్ ఎక్కించాల్సి వచ్చేది. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. పన్నెండు గంటలు దాటాక మామూలుగా ఇవ్వరు.

"చిన్నాసుపత్రి డాక్టరును నమ్మి ఎట్లా వేయించుకునేది అన్నా?" అంటారు. గ్యాసేలే అని సోడా తాగించి పడుకోబెట్టిన బామ్మర్దిని మాత్రం నమ్ముతారు!

ఇంకొకటి, నొప్పి తగ్గింది కదా అని ఇంటికి పోయేవాళ్ళు. అయ్యా, లారీ పక్కకు జరిగింది, అంతే. అది అక్కడే ఎందుకు ఇరుక్కుందో, రోడ్డు ఎంత ఇరుకైందో చూడొద్దా? అందుకే ఇంజెక్షన్ వేసిన మూడు గంటల నుంచి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాల్లో ఎక్కడ ఇరుకుందో చూసే పరీక్ష. గంట, గంటన్నర తర్వాత కూడా ఆ లేచిన గీత సగమైనా దిగలేదంటే లారీ కదల్లేదనే లెక్క, అప్పుడు ఆగకుండా క్రేన్ దగ్గరికే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. అందరికీ ఈ ఇంజెక్షన్ వేయరు. మెదడులో ఎప్పుడైనా రక్తస్రావమైనా, ఈమధ్య పక్షవాతం వచ్చినా, పెద్ద ఆపరేషన్ జరిగినా డాక్టరుకు దాచకుండా చెప్పండి. షుగర్ ఉన్నోళ్ళకు నొప్పే తెలియకపోవచ్చు, ఒళ్ళంతా చెమట, ఆయాసం ఉన్నా 108కి ఫోన్ కొట్టండి. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగేది ఉత్తదే, డిలీట్ చేయండి. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ఈసీజీ కాగితం, ఇంజెక్షన్ వేసిన టైమ్ రాసిన చీటీ రెండూ అడిగి తీసుకోండి, అక్కడ మొదట అడిగేది అవే. స్టెంట్ వేశాక మాత్రలు ఎందుకు ఆపకూడదని చాలామంది అడిగారు, అది వచ్చే వీడియోలో.