పని ముగిశాక మొదలైన బడి

శ్రోతలకు నమస్కారం.

పెద్దవాళ్లకు చదువు చెప్పాలంటే ముందుగా ఏం కావాలి? పుస్తకాలు కావాలంటారు కొందరు. మంచి పంతులు కావాలంటారు ఇంకొందరు. నేను మాత్రం వేళ కావాలంటాను. చెప్పేవాళ్లకు వీలైన వేళ కాదు, నేర్చుకునేవాళ్లకు వీలైన వేళ. ఈ మాట ఇవాళ మీతో మళ్లీ మళ్లీ అంటాను. కావాలనే అంటాను.

అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి అని ఒక క్రైస్తవ సంఘం ఉంది. ఇంగ్లండ్ చర్చి నుంచి పుట్టింది. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1789లో, తన కాళ్ల మీద తాను నిలబడింది. బిషప్పులు ఉంటారు, ప్రార్థనల పుస్తకం ఉంటుంది. మన సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం, గుళ్లలో పెరిగినవాళ్లు అక్కడికి వెళ్లి కూర్చుంటే ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ రెండు సంఘాల మధ్య సహవాసం కూడా ఉంది.

అక్కడ చాలా గుళ్లలో ఆదివారం పొద్దున రెండు ఆరాధనలు జరుగుతాయి. పెందలాడే ఒకటి, పది దాటాక ఒకటి. ఆ రెండింటి మధ్య దొరికే కాస్త సమయంలో పక్కనున్న హాల్లో కుర్చీలు వేస్తారు. పిల్లలకు సండే స్కూలు ఒక గదిలో, పెద్దలకు తరగతి ఇంకో గదిలో. పెద్దల తరగతిని అడల్ట్ ఫోరం అంటారు. ఒకవారం బైబిల్లోని యెషయా గ్రంథం చదువుతారు. ఇంకోవారం ఊళ్లో ఇళ్లు లేనివాళ్ల గురించి మాట్లాడుకుంటారు. ఆరాధన అయ్యాక కాఫీ. ఆ కాఫీని తక్కువగా చూడకండి. తరగతిలో నోరు విప్పని మనిషి కాఫీ దగ్గర నోరు విప్పుతాడు. శ్రమకాలంలో, అంటే ఈస్టర్ కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, కొన్ని సంఘాలు వారం మధ్యలో ఒక సాయంత్రం కలుస్తాయి. సూపు, రొట్టె తిని, తర్వాత చదువుకుంటారు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లు ఇంటికెళ్లి వండుకోనక్కర్లేదు. ముందు కడుపు, తర్వాత పాఠం. నాకు ఈ వరస చాలా నచ్చుతుంది.

ఇంకా గట్టిగా చదవాలనుకునేవాళ్లకు నాలుగేళ్ల చదువు ఒకటుంది. టెన్నెసీ రాష్ట్రంలో సెవానీ అనే ఊళ్లో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ 1975లో దాన్ని మొదలుపెట్టింది. పేరు ఎడ్యుకేషన్ ఫర్ మినిస్ట్రీ. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, ఆ తర్వాత దైవశాస్త్రం. చర్చిలో గురువులు, అంటే పాస్టర్లు, కావడానికి చదివే చదువు కాదు ఇది. నర్సులు, లాయర్లు, రిటైరైనవాళ్లు, ఇల్లు చూసుకునేవాళ్లు, ఇలాంటివాళ్లు చిన్న గుంపుగా వారం వారం కూర్చుని చదువుతారు. నడిపించే మనిషి ఉపన్యాసం ఇవ్వకూడదు, మాటలు సాగేలా చూడాలి, అంతే. పాఠాల కంటే ముందు ఒక్కొక్కరు తమ జీవిత కథ చెప్పుకుంటారు. పెద్దవాళ్లు ఖాళీ చేతులతో రారు కదా, ఒక బతుకంతా వెంట తెచ్చుకుంటారు. అది వినకుండా పాఠం ఎలా మొదలుపెడతాం?

ఇదంతా ఇవాళ్టి సంగతి. నేను అసలు చెప్పాలనుకున్నది మూడు వందల ఏళ్ల కిందటి బడి గురించి. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. న్యూయార్క్ ఇంగ్లండ్ చేతిలో ఉన్న రేవు పట్నం. ట్రినిటీ చర్చి అప్పటికే ఉంది, బ్రాడ్వే మీద, ఇప్పుడు షేర్ మార్కెట్ కు పేరుపడిన వాల్ స్ట్రీట్ మొదట్లో. 1697లో రాజు దానికి అధికారపత్రం ఇచ్చాడు. ఆ ఊళ్లో బానిసలు ఉన్నారు. ఇళ్లలో, రేవులో, దుకాణాల్లో చాకిరీ చేసే నల్లజాతివాళ్లు, కొందరు అక్కడి ఆదివాసులు. వాళ్లకు చదువు చెప్పాలని ఒక మనిషి పూనుకున్నాడు. పేరు ఎలీ నో.

ఎలీ ఫ్రాన్స్ లో పుట్టినవాడు, 1662లో. ప్రొటెస్టంటు, అంటే కాథలిక్ సంఘం నుంచి విడిపోయిన క్రైస్తవ శాఖవాడు. అప్పటి ఫ్రాన్స్ కాథలిక్ రాజు ప్రొటెస్టంట్లను బతకనివ్వలేదు. ఎలీ సముద్రం దాటి అమెరికా చేరి, పెళ్లి చేసుకుని, న్యూయార్క్ లో వ్యాపారం పెట్టుకున్నాడు. 1692లో ఓడలో వెళ్తుంటే ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. మతం మార్చుకో, వదిలేస్తాం అన్నారు. మార్చుకోనన్నాడు. గాలీ శిక్ష వేశారు. గాలీ అంటే ఖైదీలు గొలుసులతో కూర్చుని తెడ్లు వేసే ఓడ. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు, మార్సేయి రేవుకు, సంకెళ్లతో తీసుకెళ్లారు. ఓడలో కూడా ఊరుకోలేదు ఈయన. తోటి ఖైదీలకు ధైర్యం చెప్పేవాడు. దాంతో ఓడలో నుంచి తీసి చీకటి కొట్లో వేశారు. ఆ చీకట్లోనే కీర్తనలు పాడుకున్నాడు, ఇంగ్లండ్ చర్చి ప్రార్థనలు కంఠస్థం చేశాడు. ఇంగ్లండ్ రాజు విలియం కల్పించుకున్నాక 1698లో విడుదల చేశారు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గొలుసు బరువు తెలిసినవాడు. పుస్తకం తెరిచే వీల్లేని చోట నోటితో నేర్చుకున్నవాడు. న్యూయార్క్ తిరిగొచ్చాక తన చుట్టూ ఉన్న బానిసలను ఆయన చూసిన చూపు మిగతా వ్యాపారుల చూపులా ఎలా ఉంటుంది?

లండన్ లో 1701లో ఎస్.పి.జి. అనే మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1704లో ఎలీ ఆ సొసైటీ తరఫున ఉపదేశిగా, అంటే మతపాఠాలు చెప్పేవాడిగా, బడి మొదలుపెట్టాడు. బడి అంటే గంట, బెంచీలు ఊహించుకోకండి. యజమానులు బానిసలను పంపలేదు. అందుకని ఆయనే రోజు పని ముగిశాక ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఇంట్లో ఇద్దరు, ఇంకో ఇంట్లో ఒకరు. తర్వాత తర్వాత కొందరు యజమానులు ఒప్పుకున్నారు. అప్పుడు తన ఇంట్లోనే పై అంతస్తులో బడి పెట్టాడు.

మరి ఏ వేళలో? వాళ్లకు మిగిలేది ఒకే ఒక్క వేళ, పొద్దు వాలాక. తెల్లారింది మొదలు చాకిరీ చేసి, ఒళ్లు హూనమై వచ్చేవాళ్లు. మర్నాడు మళ్లీ పెందలాడే లేవాలి, కాబట్టి ఎక్కువసేపు ఉండలేరు. ఆదివారం తప్ప ఎండాకాలమైనా చలికాలమైనా కొవ్వొత్తి వెలుగులోనే పాఠం. ఆ అలసిన కళ్లకు కొవ్వొత్తి వెలుగులో అక్షరాలు ఏం కనపడతాయి? అందుకే నోటి పాఠం. పరలోక ప్రార్థన ఒక్కొక్క మాటా చెప్పించేవాడు. మత విశ్వాసాలను ప్రశ్నలు, జవాబులుగా నేర్పే ప్రశ్నోత్తరి చెప్పించేవాడు. కీర్తనలు నేర్పేవాడు. ఎవరు బాగా పాడతారా అని వాళ్లలో వాళ్లే పోటీ పడేవారట. రోజంతా ఒకరి హుకుం విని, రాత్రి ఒక గదిలో చేరి గొంతెత్తి పాడటం. ఆ గది గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక్కడ చేదు మాట ఒకటి చెప్పాలి. బాప్తిస్మం తీసుకుంటే బానిస స్వేచ్ఛ అడుగుతాడని యజమానుల భయం. ఆ భయం పోగొట్టడానికి 1706లో ఒక చట్టం వచ్చింది. బాప్తిస్మం వల్ల బానిసత్వం పోదని దాని సారం. ఆ చట్టం రావాలని పట్టుబట్టినవాళ్లలో ఎలీ కూడా ఒకడు. బడి తలుపు తెరిచి ఉండటం కోసం అంత మూల్యానికి ఒప్పుకున్నాడు. నేనైతే దీన్ని సమర్థించలేను. గొలుసు తెలిసిన మనిషి ఇంకొకరి గొలుసుకు చట్టం అడగడం తప్పే. ఆ బడిలో కూర్చున్నవాళ్లు రాత్రి పాట పాడి, అదే యజమాని ఇంటికి, అదే బానిసలుగా వెళ్లారు. ఈ నిజాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పకూడదు.

1712 ఏప్రిల్ లో న్యూయార్క్ లో బానిసలు తిరగబడ్డారు. 9 మంది తెల్లవాళ్లు చనిపోయారు. ప్రతీకారంగా 21 మందిని ఘోరంగా చంపారు. ఊరి కోపమంతా బడి మీదికి మళ్లింది. చదువు చెప్పినందుకే ఇదంతా అన్నారు. ఎలీ కొన్నాళ్లు వీధిలోకి రాలేకపోయాడు. తీరా విచారణలో తేలిందేమిటంటే, ఆయన బడికి వచ్చినవాళ్లలో నేరం మోపబడినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరిలో బాప్తిస్మం పొందినవాడు ఒక్కడే. అతన్ని ఉరికి పంపాక అతను నిర్దోషి అని ఒప్పుకున్నారు. ప్రాణం పోయాక ఒప్పుకున్నారు.

ఆ తర్వాత నగరపాలకులు ఒక ఉత్తర్వు వేశారు. బడి మూసేయమని అందులో లేదు. ఎలీ పేరు కూడా లేదు. పొద్దుగుంకాక బానిసలెవరూ లాంతరు లేకుండా వీధిలో నడవకూడదు, అంతే ఉంది. వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి! బానిసకు లాంతరు ఎక్కణ్ణుంచి వస్తుంది? పొద్దుగుంకక ముందు పని ఎవరు వదిలిపెడతారు? బడి మూయకుండానే బడి మూతపడే ఏర్పాటు అది. వేళ లాక్కున్నారు. వేళ లాక్కుంటే చాలు, పుస్తకం లాక్కోనక్కర్లేదు.

అయినా బడి పోలేదు. గవర్నరు రాబర్ట్ హంటర్ స్వయంగా వచ్చి చూశాడు. మెచ్చుకుని, తన ఇంట్లోని బానిసలను అక్కడికి పంపాడు. మెల్లగా మళ్లీ మనుషులు రావడం మొదలైంది. ఎలీ 1722లో కన్నుమూసే దాకా చెప్తూనే ఉన్నాడు. ట్రినిటీ ఆవరణలోనే ఆయన్ని పాతిపెట్టారు. ఆయన తర్వాత వేరే ఉపదేశులు ఆ పని కొనసాగించారు.

రాత్రి బడి గురించే ఇంకో మాట. అదే శతాబ్దంలో, ఫిలడెల్ఫియాలో, అబ్సలోం జోన్స్ అనే బానిస యజమాని దుకాణంలో పగలంతా పనిచేసి, అనుమతి తీసుకుని రాత్రి బడికి వెళ్లేవాడు. ముందు తన భార్యకు స్వేచ్ఛ కొన్నాడు. తనకు స్వేచ్ఛ వచ్చింది 1784లో. పదేళ్లకు, 1794లో, నల్లవాళ్ల కోసం సెయింట్ థామస్ గుడి నిలబెట్టాడు. ఎపిస్కోపల్ చర్చిలో గురువైన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. రాత్రి నేర్చుకున్న చదువు ఎంత దూరం నడిచిందో చూడండి.

ఇక మన నేలకు వద్దాం. ఎలీని నియమించిన ఆ ఎస్.పి.జి. సొసైటీయే పందొమ్మిదో శతాబ్దంలో మన రాయలసీమకు కూడా వచ్చింది. కలసపాడు, ముత్యాలపాడు, నంద్యాల. ఆ ఊళ్లవాళ్లకు ఆ మిషన్ పేరు తెలుసు. తర్వాత 1912లో దోర్నకల్ కు వేదనాయగం అజరయ్య గారు బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆ పల్లెల్లో సంఘస్థులు ఎక్కువమంది కూలిపనికి వెళ్లే దళితులు. పగలు గుడికి రమ్మంటే కూలి పోతుంది. అందుకని ప్రార్థన, పాఠం, పాట, అన్నీ రాత్రిపూటే పెట్టుకున్నారు, చేలనుంచి ఇళ్లకు చేరాక. ఉపదేశి చెప్తాడు, అందరూ పలుకుతారు. మా అమ్మమ్మ అలా నేర్చుకున్న మనిషే. సంతకం కూడా రాదు ఆవిడకు. కానీ కీర్తనలు చరణం తప్పకుండా పాడేది. మేం పుస్తకం చూసి పాడుతుంటే, పుస్తకంలో తప్పు అచ్చయిందర్రా అనేది. చూస్తే నిజంగానే తప్పు అచ్చయి ఉండేది.

న్యూయార్క్ లో ఆ మేడ మీది గదికీ, ఆ పల్లె గుడికీ మధ్య సముద్రాలున్నాయి. కానీ వేళ ఒకటే.

ఇప్పుడు ఒక్క పనికొచ్చే మాట. మీ సంఘంలో, మీ గుడిలో, మీ మసీదులో, మీ ఊరి గ్రంథాలయంలో పెద్దలకు ఏదైనా తరగతి పెట్టాలనుకుంటున్నారనుకోండి. ఫోన్ లో డబ్బు పంపడం నేర్పుతారో, భగవద్గీత చెప్తారో, రక్తపోటు గురించి చెప్తారో మీ ఇష్టం. టైం మాత్రం మీరు పెట్టకండి. మన దగ్గర ఏమవుతుందంటే, చెప్పే పెద్దమనిషికి శనివారం పదకొండింటికి వీలవుతుందంటారు. బోర్డు మీద రాసేస్తారు. శనివారం పదకొండింటికి ఎవరొస్తారు? అప్పటికే చదువుకుని, పెన్షన్ వస్తున్నవాళ్లు వస్తారు. ఇళ్లలో పనిచేసే అమ్మ రాదు. ఆటో నడిపే తమ్ముడు రాడు. రాకపోతే, వాళ్లకు ఆసక్తి లేదండీ అంటాం. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఆసక్తి లేకపోవడం కాదు, ఆ వేళలో వాళ్లు మన గిన్నెలు తోముతున్నారు.

కాబట్టి ముందుగా ఓ నలుగురి దగ్గరికి వెళ్లండి. అందరికంటే ఆలస్యంగా పని ముగిసే నలుగురిని ఎంచుకోండి. అక్కా, నీకు ఎన్నింటికి వీలవుతుంది, ఎంతసేపు కూర్చోగలవు అని అడగండి. ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నర. నలభై నిమిషాలు అంటే నలభై నిమిషాలే. ఆ తర్వాత లాంతరు సంగతి చూడండి. ఇవాళ్టి లాంతరు అంటే ఇంటికి వెళ్లే దారిలో తోడు, చివరి బస్సు వేళ, చంటిపిల్లను పట్టుకునే మనిషి, కాస్త టీ, రెండు బిస్కెట్లు. ఎపిస్కోపల్ గుళ్లలో పెద్దల తరగతి జరుగుతున్నంతసేపూ పసిపిల్లలను చూసుకోవడానికి చాలాచోట్ల వేరే గది ఉంటుంది, మనిషి ఉంటారు. మనకు గది లేకపోతే వరండా చాలు. ఇద్దరు కాలేజీ పిల్లలను అడిగితే కాదనరు.

బోర్డు మీద రాసేటప్పుడు ఉపన్యాసకుడి పేరు చిన్నగా రాసినా ఫర్వాలేదు. పిల్లలను మేం చూసుకుంటాం, రాత్రి ఇంటిదాకా తోడు వస్తాం అన్న రెండు మాటలు మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి. చదవలేనివాళ్ల కోసం ఇంటింటికీ వెళ్లి నోటితో చెప్పండి.

సెలవు. నమస్కారం.