బెయిల్ వచ్చాక ఇంటికి ఎంత దూరం

అందరికీ నమస్కారం.

పర్లాకిమిడిలో తెలుగులో మాట్లాడమని పిలిచారు, చాలా సంతోషం. నా రోజు మూడు భాషల్లో నడుస్తుంది. కోర్టు కాగితాలు ఒడియాలో, కోర్టు బయట చెట్టు కింద కబుర్లు తెలుగులో, కొండల మీద నుంచి దిగి వచ్చినవాళ్లతో నాకొచ్చిన కాస్త సవరలో. నేను పదకొండేళ్లుగా పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్నాను. లాయర్ని కాను. న్యాయ సేవల సంస్థ శిక్షణ ఇచ్చి, జైలుకీ పల్లెకీ మధ్య తిరగమని పంపే మామూలు మనిషిని. "జైల్లోంచి వచ్చినోల్లతో నీకేటి పనే?" అని మా పెద్దత్త ఇప్పటికీ అడుగుతుంది. ఆవిడకి ఇంట్లో చెప్పే జవాబే ఇవాళ మీకు కొంచెం వివరంగా చెబుతాను.

చెప్పులతో మొదలుపెడతాను. రాత్రి పూట ఇంట్లోంచి పట్టుకెళ్లిన మనిషి కాళ్లకు చాలాసార్లు చెప్పులుండవు. ఉన్నా, ఎనిమిది నెలల తర్వాత అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. విడుదల రోజున గేటు దగ్గర అతని సామాను తిరిగి ఇస్తారు. ఒక గుడ్డ సంచి, మడతల దగ్గర చిరిగిన ఆధార్, తాళంచెవి, లోపలికి వెళ్లేటప్పుడు రిజిస్టర్లో రాసుకున్న నూటో నూట ఇరవయ్యో రూపాయలు. ఫోన్ ఉండదు, అది కేసులో సీజ్ అయి ఉంటుంది. ఫోన్ లేకపోతే ఇంటివాళ్ల నంబర్లూ లేనట్టే, ఈ రోజుల్లో నంబర్లు ఎవరికి కంఠస్థం వచ్చు? అందుకే నా సంచిలో ఎప్పుడూ రెండు జతల రబ్బరు చెప్పులుంటాయి, ఎనిమిదో నంబరు, తొమ్మిదో నంబరు. బిస్కెట్లు, చిల్లర, ఫోన్ నంబర్లు రాసుకున్న చిన్న నోటు పుస్తకం కూడా.

పని మొదలెట్టిన రెండో ఏడు ఒక తప్పు చేశాను. పాతికేళ్లు కూడా లేని కుర్రాడు, చిన్న దొంగతనం కేసు. వాళ్ల అన్న వస్తానన్నాడు కదా అని నేను గేటు దగ్గరికి వెళ్లలేదు. అన్న రాలేదు. కుర్రాణ్ని చీకటి పడ్డాక వదిలారు. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. బస్టాండులో పడుకుంటే రాత్రి గస్తీ వాళ్లు లేపి, ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగారు. నిజం చెప్పాడు. తెల్లారేదాకా కూర్చోబెట్టారు. కేసేమీ పెట్టలేదు, కానీ ఆ కుర్రాడు ఇంటికెళ్లకుండా పొద్దున్నే రైలెక్కి ఎటో పోయాడు. తర్వాతి వాయిదాకి రాలేదు. వారెంటు వచ్చింది. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే జైల్లో కనిపించి, "అక్కా, మీరొస్తారనుకున్నాను" అన్నాడు. అప్పటి నుంచి నేను ఎవరి అన్ననూ నమ్ముకోలేదు.

బెయిల్ రావడం వేరు, గేటు దాటడం వేరు, ఇంటికి చేరడం వేరు. మొదటిది జడ్జిగారి చేతిలో ఉంటుంది. తర్వాతి రెండూ కాగితాల చేతిలో, బంధువుల చేతిలో, మనలాంటివాళ్ల చేతిలో ఉంటాయి. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది శిక్ష పడ్డవాళ్లు కారు. 2022 లెక్కల ప్రకారం 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై ఐదు మందికి పైనే. కాబట్టి జైలు నుంచి బయటికొచ్చేవాళ్లు అంటే శిక్ష పూర్తి చేసుకున్నవాళ్లు గుర్తొస్తే, ఆ బొమ్మను కొంచెం మార్చుకోవాలి. కేసు ఇంకా నడుస్తుండగానే వచ్చేవాళ్లే నాకు ఎక్కువ.

ఇక మన ఒడిశా, ఆంధ్ర సరిహద్దు సంగతి. పర్లాకిమిడి బజారులో టీ తాగి పాతపట్నంలో టిఫిన్ తినొచ్చు. పెళ్లిళ్లు అటూ ఇటూ, పొలాలు అటూ ఇటూ. 1936లో ఒడిశా వేరు పడ్డప్పుడు గీసిన గీత మనకు రోజువారీగా కనబడదు. అది ఎక్కడ కనబడుతుందంటే, పూచీకత్తు కాగితం మీద.

పాతపట్నం వైపు పల్లె నుంచి ఒక తాపీ మేస్త్రి మన వైపు కూలికి వచ్చి, కొట్లాట కేసులో లోపలికెళ్లాడు. బెయిల్ వచ్చింది. ఇద్దరు స్థానికుల పూచీ కావాలన్నారు. వాళ్లమ్మ వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని తువ్వాల్లో చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చింది. అరవై ఐదు సెంట్ల భూమి. కౌంటర్లో ఉన్నాయన పుస్తకం తిప్పి చూశాడు. తెలుగు చదవడం రాదు. భూమి ఉన్నది వేరే రాష్ట్రం. ఆయన్ని తప్పు పట్టలేను, ఆయనకున్న పద్ధతి అది. ఆ తల్లి మాత్రం కౌంటర్ దగ్గర నుంచి కదలకుండా, "బావూ, ఇది మా మాంగారు ఇచ్చిన భూమి, దొంగ కాగితం కాదు" అని తెలుగులో మళ్లీ మళ్లీ చెబుతోంది. దొంగ కాగితమని ఎవరూ అనలేదు. ఆవిడకు మాత్రం అలాగే వినబడింది.

ఈ బాధ మన పెద్ద కోర్టుకు తెలియనిది కాదు. 1978లో మోతీరాం కేసని ఒకటుంది. ఆయనా తాపీ మేస్త్రే, మధ్యప్రదేశ్ మనిషి. పదివేల రూపాయల పూచీ అడిగారు. సోదరుడు పూచీ ఉంటానంటే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఒక మలయాళీనో కన్నడిగుణ్నో తమిళుణ్నో ఆంధ్రుణ్నో ఎక్కడో దూరాన బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో పట్టుకుంటే, ఆ ఊళ్లో ఆస్తి ఉన్న పూచీదారుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని అడిగారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద మోతీరాంని వదలమన్నారు. నలభై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న మా కౌంటర్ దగ్గర రోజూ లేస్తూనే ఉంటుంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొన్ని సూచనలిచ్చింది. దానికి రెండు నెలల ముందు, రాజ్యాంగ దినోత్సవం నాడు, మన ఒడిశా బిడ్డ, రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు చిన్న చిన్న కేసుల్లో ఏళ్లతరబడి మగ్గిపోతున్న పేదల గురించి మనసు విప్పి మాట్లాడారు. ఆ సూచనల్లో మాకు అక్కరకొచ్చేవి నేను చేత్తో రాసి పుస్తకం అట్ట లోపల అంటించుకున్నాను. బెయిల్ ఉత్తర్వు కాపీ అదే రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్లో వెళ్లాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవల సంస్థ కార్యదర్శికి చెప్పాలి. అప్పుడు మాలాంటివాళ్లను పంపొచ్చు. నెల దాటినా పూచీకత్తు కుదరకపోతే కోర్టే తనంతట తాను షరతులు సడలించే విషయం చూడొచ్చు. స్థానిక పూచీ అడగడం వల్లే ఆలస్యాలు జరుగుతున్నాయని, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకుండా ఉండొచ్చని కూడా అందులో ఉంది.

మన మేస్త్రి విషయంలో నెల దాటాక కార్యదర్శిగారికి అర్జీ రాశాను. పాసుపుస్తకాన్ని ఒడియాలోకి మార్చి జత చేశాను. జడ్జిగారు చూసి సొంత బాండు మీద వదిలారు. మొత్తం ముప్ఫై నాలుగు రోజులు. బెయిల్ వచ్చిన తర్వాత ముప్ఫై నాలుగు రోజులు! ఆ రోజుల కూలి లెక్క వాళ్లమ్మ వేళ్ల మీద వేసి చెప్పింది నాకు.

డబ్బు లేక లోపల ఉండిపోయేవాళ్ల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. విచారణ ఖైదీ బెయిల్ కోసం 40,000 దాకా, శిక్ష పడి జరిమానా కట్టలేనివాళ్లకి 25,000 దాకా ఇవ్వొచ్చని అప్పుడు నిబంధన పెట్టారు. మంచి పథకం. కానీ గంజాయి చట్టం కింద పట్టుబడ్డవాళ్లకు ఇది వర్తించదు. మన కొండల సంగతి మీకు తెలుసు. మల్కన్‌గిరి, కొరాపుట్, మన గజపతి, అటు అల్లూరి జిల్లా. సంచి మోసినవాడు పట్టుబడతాడు, సంచి కట్టించినవాడు ఎక్కడో ఉంటాడు. ఇరవై కేజీలు దాటితే ఆ చట్టంలో అది వాణిజ్య పరిమాణం. బెయిల్ మహా కష్టం, శిక్ష పదేళ్లకు తగ్గదు. ఎన్ని కేజీలు మోస్తున్నాడో మోసేవాడికి చాలాసార్లు తెలియదు. గంజాయి వ్యాపారాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఆ మత్తుకు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు మన వీధుల్లోనే ఉన్నారు. కానీ ఐదు వేల కోసం సంచి ఎత్తిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు పదేళ్ల తర్వాత బయటికొస్తే, గేటు దగ్గర నిలబడే మనిషి అతనికి మరీ అవసరం.

అలాంటి ఒకావిడ గురించి చెబుతాను. మన కొండల సవర మనిషి, విశాఖ జైలుకెళ్లింది. అక్కడ వాలంటీరుగా ఉన్న ఒక చెల్లెలు నాకు ఫోన్ చేసింది: "అక్కా, ఈవిడ ఎవరితోనూ మాట్లాడదు. మూగేమో అనుకుంటున్నారు." ఫోన్లో మాట్లాడాను. నా సవర ఎంతని, నాలుగు ముక్కలు. ఊరి పేరు అడిగాను, పిల్లల పేర్లు అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఏడుపు, ఆ తర్వాత ఆగకుండా మాటలు. సగం నాకు అర్థం కాలేదు. ఆవిడకు కావాల్సిందల్లా, ఇంట్లో చిన్నదానికి అన్నం ఎవరు పెడుతున్నారో తెలియడం. మర్నాడు ఆ ఊరు వెళ్లి చూసొచ్చి మళ్లీ ఫోన్ చేశాను. మేనత్త దగ్గర ఉంది, అంగన్‌వాడీకి వెళ్తోంది అని చెప్పాను.

ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను ఇంట్లో ఉంచుకుని, అన్నం పెట్టి, వాళ్ల దగ్గర భాష నేర్చుకుని, వాళ్లకు బడి పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేస్తాం. నాకు ఆ ఫోన్ రోజున ఆయన గుర్తొచ్చారు. ఆయన చేసిన పనిలో వందో వంతు భాష నాకు వచ్చి ఉంటే ఆవిడ చెప్పిన రెండో సగం కూడా అర్థమయ్యేది.

గేటు దాటాక అసలు టెన్షన్ వాయిదాలతో. కూలికి హైదరాబాదో చెన్నయో వెళ్తే వాయిదా తప్పుతుంది. వాయిదాకి వస్తే పని పోతుంది. కొందరికి వారానికోసారి స్టేషన్లో సంతకం కూడా. నా దగ్గర గోడ క్యాలెండర్ ఒకటి ఉంది, అందులో తిథులేమీ చూడను, పేర్లే ఉంటాయి. రెండు రోజుల ముందు ఫోన్ చేస్తాను. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ ఇచ్చే విడి నంబరు, కొడితే తర్వాతి తేదీ వస్తుంది, ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే వాళ్లకి నేర్పిస్తాను. పదిహేనేళ్ల కూతురు తండ్రి వాయిదా గుర్తు పెట్టుకోవాల్సి రావడం బాగుండదు, నాకు తెలుసు. వారెంటు రావడం కన్నా నయం.

బాధితుల సంగతేమిటని అడుగుతారు. అడగాలి కూడా. దెబ్బ తిన్నవాళ్లకు పరిహారం ఇప్పించే పనీ అదే న్యాయ సేవల సంస్థది. ఆ అర్జీలు కూడా నేను రాస్తాను. ఒకే వారంలో కొట్టినవాడి ఇంటికీ దెబ్బ తిన్నవాడి ఇంటికీ వెళ్లిన రోజులున్నాయి. రెండిళ్లలోనూ మంచినీళ్లు ఇచ్చారు.

మాకు జీతం లేదు. పని చేసిన రోజుకు గౌరవ వేతనం. తోటివాళ్లలో చాలామంది రెండు మూడేళ్లకే మానేశారు, వాళ్లను ఒక్క మాట అనను. ఇంట్లో మాటలు పడాలి, వీధిలో "దొంగల అమ్మ" అనిపించుకోవాలి. రాత్రి పదింటికి ఫోన్ వస్తే ఎత్తాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది, ఎవరైనా చేయొచ్చు. అయినా మా ఫోన్లకే చేస్తారు, ఎందుకంటే మా గొంతు తెలుసు.

మీలో షాపులున్నవాళ్లు ఉన్నారు, అద్దెకు గదులిచ్చేవాళ్లు ఉన్నారు, ఒడిశా వైపు పట్టా ఉన్నవాళ్లు ఉన్నారు. కేసు ఉన్న ప్రతివాడికీ పూచీ ఉండమని నేను అడగను. ముందు మనిషిని చూడండి, నాతో వచ్చి మాట్లాడండి, తర్వాత ఆలోచించండి.

రేపు సాయంత్రం ఇక్కడి సబ్ జైలు నుంచి ఒకాయన వస్తున్నాడు. యాభై దాటినవాడు, ఊరు మెళియాపుట్టి దారిలో. భార్య పోయింది, కొడుకు సూరత్‌లో. ఆరు దాటితే అటు బస్సుండదు. బండి ఉన్నవాళ్లు ఒకరు అయిదున్నరకు గేటు దగ్గరికి రాగలరా? చెప్పులు నేను తెస్తాను. ఆయనది తొమ్మిదో నంబరు.